షేర్ ఫోల్డర్‌లో ఒక ఫైలు మళ్లీ మళ్లీ పుడుతోంది, ఏ ప్రోగ్రామ్ పుట్టిస్తోందో కనిపెట్టేదెలా?

గంటస్తంభం_డీటీపీ

అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. రెండు కంప్యూటర్లు ఉన్నాయి. లోపల నేను డిజైన్ చేసుకునే పెద్ద సిస్టమ్, విండోస్ 10 ప్రో. బయట కౌంటర్ మీద ఇంకోటి, ప్రింటరూ స్కానరూ దానికే తగిలించి ఉంటాయి, అక్కడ మా బావమరిది కూర్చుంటాడు. పెద్ద సిస్టమ్ డీ డ్రైవ్‌లో "పనులు" అని ఫోల్డర్ ఉంది. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు అన్నీ అందులోనే, కౌంటర్ సిస్టమ్‌కి కూడా అందేలా షేర్ చేసి పెట్టాను.

ఈ మధ్య ఆ ఫోల్డర్‌లో ఒక ఫైలు వచ్చి కూర్చుంటోంది. పేరు టీఎంపీ అని మొదలై పక్కన నాలుగు అంకెలు, ఎక్స్‌టెన్షన్ ఏమీ లేదు. సైజు ఒక్కోసారి సున్నా, ఒక్కోసారి దగ్గర దగ్గర 25 ఎంబీ. డిలీట్ చేస్తే మారు మాట్లాడకుండా పోతుంది, కాసేపాగి చూస్తే మళ్లీ ఉంటుంది. యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ చేయించాను, ఏమీ దొరకలేదు. ప్రాపర్టీస్‌లో చూస్తే తేదీ, సైజు తప్ప ఏ ప్రోగ్రామ్ తయారుచేసిందో ఎక్కడా కనిపించట్లేదు. ఫైలు ఉన్నందుకు పనేమీ ఆగట్లేదు గానీ, రోజూ ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో వచ్చి పెడుతుంటారు మా షాపులో, అందుకే టెన్షన్. పైగా సిరిమానోత్సవం ఫ్లెక్సీల పని నెత్తి మీద ఉంది, ఇప్పుడు సిస్టమ్ పడుకుంటే నా పని అంతే. ఇదేటో ఎవరైనా చెప్పండి.

రాజాం_రాకెట్

వైరస్సే గురూ, డౌట్ లేదు. సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించేయ్. గంట పని.

బొబ్బిలి_వీణ

రాకెట్ గారూ, డీటీపీ షాపు సిస్టమ్‌ని ఫార్మాట్ కొడితే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, కీబోర్డ్ లేఅవుట్, ప్రింటర్ డ్రైవర్లు, కలర్ సెట్టింగులు అన్నీ మళ్లీ మొదటి నుంచి. అది గంటలో తెమిలే పని కాదని మీకూ తెలుసు. దొంగ ఎవరో తెలియకముందే ఇల్లు కూల్చుకుంటారా ఎవరైనా?

గంటస్తంభం అన్నా, ప్రాపర్టీస్‌లో ఎంత వెతికినా ప్రోగ్రామ్ పేరు దొరకదు, ఎందుకంటే విండోస్ ఆ సంగతి ఫైలుతో పాటు రాసిపెట్టదు. ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది, ఏ యూజర్ అకౌంట్ సొంతం, అంతవరకే. వర్డ్ ఫైళ్లలోనో ఫొటోల్లోనో ప్రోగ్రామ్ పేరు కనిపిస్తుంది కదా అంటారేమో, అది ఆ ప్రోగ్రామ్ తనంతట తాను ఫైలు లోపల రాసుకున్నది. కాబట్టి పుట్టేటప్పుడే కాపు కాసి పట్టుకోవాలి.

దానికంటే ముందు రెండు చిన్న పనులు చేయండి. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైనే ఓనర్ అని ఉంటుంది. సిస్టమ్ అని ఉంటే వెనకాల నడిచే ఏదో సర్వీసు. అడ్మినిస్ట్రేటర్స్ అని ఉంటే అడ్మిన్ హక్కులతో నడిచిన ప్రోగ్రామ్. మీ పేరే ఉంటే మీరు లాగిన్ అయ్యాక నడిచే మామూలు ప్రోగ్రామ్. ఏది ఉందో ఇక్కడ రాయండి.

రెండోది, ఆ 25 ఎంబీ ఫైలుకి ఒక కాపీ తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా చెత్తలా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, మొట్టమొదటి రెండు మూడు అక్షరాలు చూస్తే చాలు. పీకే అని ఉంటే జిప్, లేదా ఇప్పటి వర్డ్, ఎక్సెల్ ఫైలు. శాతం గుర్తు పక్కన పీడీఎఫ్ అని ఉంటే పీడీఎఫే. ఎంజెడ్ అని ఉంటే అది నడిచే ప్రోగ్రామ్, అప్పుడు మాత్రం నెట్ కేబుల్ పీకేసి ఇక్కడికి రండి.

ఇక కాపు కాయడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ప్రాసెస్ మానిటర్ అని ఉంది, ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి అడ్మిన్‌గా నడపడమే. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి, వేరే చోట్ల వద్దు. తెరవగానే లక్షల లైన్లు జలజలా పారుతుంటాయి. కంట్రోల్ ఎల్ నొక్కితే ఫిల్టర్ పెట్టె వస్తుంది. అందులో పాత్, కంటెయిన్స్, ఆ ఫైలు పేరులో మారని ముక్క, ఇన్‌క్లూడ్ అని పెట్టి యాడ్ కొట్టండి. తర్వాత ఫిల్టర్ మెనూలోనే డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్ టిక్ చేయండి, ఇది మర్చిపోవద్దు. ఇది లేకపోతే తెర మీద కనిపించని లైన్లన్నీ కూడా మెమరీలో పేరుకుపోయి సాయంత్రానికి సిస్టమ్ కూలబడుతుంది.

ఫైలు మళ్లీ పుట్టాక ఆ లైన్లు చూడండి. క్రియేట్‌ఫైల్ అని చాలా లైన్లు ఉంటాయి, పేరు చూసి మోసపోవద్దు, ఉన్న ఫైలును ఊరికే తెరిచినా విండోస్ దాన్ని క్రియేట్‌ఫైల్ అనే అంటుంది. ఎక్స్‌ప్లోరర్, యాంటీవైరస్ కూడా ఆ వరసలో ఉంటాయి, అవి వచ్చి చూసిపోయేవే. డీటెయిల్ కాలమ్ చివర్లో ఓపెన్‌రిజల్ట్ పక్కన క్రియేటెడ్ అని ఏ లైన్‌లో ఉందో అదే అసలు పుట్టుక. ఆ వరసలో ఉన్న ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) పేరే మీక్కావల్సింది.

ఇంకోటి, డిలీట్ చేసిన 15 సెకన్లలోపు అదే పేరుతో ఫైలు మళ్లీ పుడితే విండోస్ పాత ఫైలు పుట్టిన టైమే దానికి తగిలిస్తుంది. అందుకని క్రియేటెడ్ టైమ్ చూసి "పొద్దున్న ఎప్పుడో పుట్టిందిలే" అని ఊరుకోకండి.

గంటస్తంభం_డీటీపీ

వీణ గారూ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పినట్టే చేశాను. ఓనర్ దగ్గర "కౌంటర్" అని ఉంది, షేరింగ్ కోసం మా సిస్టమ్‌లో ఆ పేరుతో ఒక యూజర్ పెట్టుకున్నాం. నోట్‌ప్యాడ్‌లో మొదట రెండు క్యాపిటల్ ఐలు, పక్కన నక్షత్రం గుర్తు, ఆ తర్వాత అంతా పురుగులు పాకినట్టుంది.

కానీ ప్రాసెస్ మానిటర్‌లో ఏమీ పడలేదు. ఫిల్టర్ సరిగ్గానే పెట్టాను, పరీక్షగా నేనే అదే మాదిరి పేరుతో ఒక ఫైలు చేస్తే ఎక్స్‌ప్లోరర్ పేరుతో లైన్లు వచ్చాయి. టీ తాగి వచ్చేసరికి అసలు ఫైలు ఫోల్డర్‌లో ఉంది, మానిటర్‌లో మాత్రం దాన్ని చేసిన లైను ఒక్కటీ లేదు, ఎక్స్‌ప్లోరర్ చూసిన లైన్లు తప్ప. ఇదేటి మరి, దెయ్యమా?

రాజాం_రాకెట్

నేను ముందే చెప్పాను. కంటికి కనిపించని వైరస్సులుంటాయి.

సిక్కోలు_సర్వీస్

శ్రీకాకుళంలో ఇదే పని నాది, ఇలాంటివి చూశాను కాబట్టి చెప్తున్నా, దెయ్యమూ లేదు వైరస్సూ లేదు. తమ్ముడూ, నువ్వు జవాబు రాసేశావు, గమనించలేదంతే. ఓనర్ కౌంటర్ అన్నావు. ఆ యూజర్‌తో లోపలి సిస్టమ్‌లో ఎవరూ లాగిన్ అవ్వరు కదా? అంటే ఫైలు నీ సిస్టమ్‌లో పుట్టట్లేదు, బయట నుంచి నెట్‌వర్క్ మీద వచ్చి పడుతోంది.

ప్రాసెస్ మానిటర్‌లో ఎందుకు పడలేదంటే, షేర్ ఫోల్డర్‌లోకి పక్క సిస్టమ్ రాసినప్పుడు నీ సిస్టమ్ వైపు ఆ పని చేసేది విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయలో, ఉండే ఫైల్ షేరింగ్ డ్రైవర్. అది సిస్టమ్ అనే పేరుతో, 4 అనే ప్రాసెస్ నంబర్‌తో కనబడుతుంది. ఈ టూల్ పెట్టుకొచ్చే సొంత ఫిల్టర్లలో ఆ సిస్టమ్ ప్రాసెస్‌ని దాచెయ్ అని ముందే రాసి ఉంటుంది. కంట్రోల్ ఎల్ కొట్టి కిందికి దిగి చూడు, ప్రాసెస్ నేమ్ ఈజ్ సిస్టమ్ ఎక్స్‌క్లూడ్ అనే వరస దొరుకుతుంది, దాని టిక్ తీసేయ్. డ్రాప్ పెట్టావు కాబట్టి పాతవి ఎలాగూ రావు, ఇంకోసారి కాపు కాయాలి.

ఒక మెలిక ఉంది. సిస్టమ్ అని కనిపించిన ప్రతిసారీ నెట్‌వర్కే అనుకోకు. మన సొంత ప్రోగ్రాములు రాసినదాన్ని కూడా విండోస్ ముందు మెమరీలో ఉంచుకుని తీరిగ్గా డిస్కులోకి దింపుతుంది, ఆ దింపుడు రైట్‌ఫైల్ లైన్లు కూడా సిస్టమ్ పేరు మీదే పడతాయి. అందుకని రైట్‌ఫైల్ వదిలేసి, వీణ గారు చెప్పిన ఓపెన్‌రిజల్ట్ క్రియేటెడ్ లైను మీద ఎవరి పేరుందో అదే చూడు. అక్కడ కూడా సిస్టమ్, 4 ఉంటే ఇక బయటి నుంచే.

ఎక్కడి నుంచో తేలాలంటే కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్, ఓపెన్ ఫైల్స్ చూడు. ఏ కంప్యూటర్, ఏ యూజర్ అని ఉంటుంది, కానీ ఆ క్షణంలో తెరిచి ఉంటేనే కనిపిస్తుంది. నీ షాపులో ఉన్నవే రెండు సిస్టమ్‌లు కాబట్టి ఈ తతంగం నీకు అక్కర్లేదు. ఆఫీసుల్లో ఇరవై ముప్పై సిస్టమ్‌లున్న వాళ్ల కోసం చెప్తున్నా: లోకల్ సెక్యూరిటీ పాలసీలో అడ్వాన్స్‌డ్ ఆడిట్ పాలసీ, అందులో ఆబ్జెక్ట్ యాక్సెస్, అక్కడ డీటెయిల్డ్ ఫైల్ షేర్ ఆన్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ సెక్యూరిటీ లాగ్‌లో 5145 నంబర్‌తో పడతాయి, ఫైలు పేరు పక్కన ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిందో ఉంటుంది. పని అవ్వగానే ఆఫ్ చేసేయాలి, లేకపోతే లాగ్ నిండి ముఖ్యమైనవి కొట్టుకుపోతాయి.

ఇంక రెండు ఐలు, నక్షత్రం. అది టిఫ్ బొమ్మ ఫైలు. కాపీకి చివర టిఫ్ అని ఎక్స్‌టెన్షన్ పెట్టి తెరువు. సైజు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కలర్ స్కాన్ చేస్తే 2480 ఇంటూ 3508 పిక్సెళ్లు, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 2 కోట్ల 60 లక్షల బైట్ల చిల్లర. విండోస్ లెక్కలో 25 ఎంబీకి ఇసుమంత తక్కువ. కౌంటర్ సిస్టమ్‌కి స్కానర్ ఉందన్నావు కదా.

అక్కడికి వెళ్లి ప్రాసెస్ మానిటర్ నడుపు, అదే ఫిల్టర్. అక్కడ ప్రోగ్రామ్ సొంత పేరుతోనే దొరుకుతుంది. దొరికాక ఆ లైను మీద డబుల్ క్లిక్ చేసి ప్రాసెస్ ట్యాబ్‌లో ఎక్కడి నుంచి నడుస్తోంది, కమాండ్ లైన్ ఏమిటి చూసుకో. టూల్స్ మెనూలో ప్రాసెస్ ట్రీ చూస్తే దాన్ని ఎవరు లేపారో కూడా తెలుస్తుంది.

బొబ్బిలి_వీణ

సిస్టమ్‌ని దాచే ఫిల్టర్ సంగతి బాగా పట్టారు సర్వీస్ గారూ. గంటస్తంభం అన్నా, ఆ టిఫ్ తెరిచేటప్పుడు కస్టమర్లు ఎవరూ పక్కన లేకుండా చూసుకోండి, ఏం బొమ్మ వస్తుందో తెలీదు.

గంటస్తంభం_డీటీపీ

వీణ గారు అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. టిఫ్ అని పెట్టి తెరిస్తే ఎవరిదో ఆధార్ కార్డు. ఇంకోటి తెరిస్తే పట్టాదారు పాస్‌బుక్‌లో పేజీ. గుండె ఆగినంత పనైంది, ఆ ఫోల్డర్‌లోంచే కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లలోకి ఫైళ్లు ఎక్కిస్తుంటాం మరి.

కౌంటర్ సిస్టమ్‌లో కాపు కాస్తే వెంటనే దొరికింది. స్కానర్‌తో పాటు సీడీలో వచ్చిన ప్రోగ్రామ్ తాలూకు ఒక చిన్న సహాయక ప్రోగ్రామ్ అది. కంపెనీ పేరు చెప్పనులెండి, మోడల్ చాలా పాతది, తప్పు ఎవరిదైనా ఇప్పుడు అడిగేదెవర్ని. ప్రాసెస్ ట్రీలో చూస్తే దాన్ని లేపేది టాస్క్ షెడ్యూలర్. ఇన్‌స్టాల్ చేసినప్పుడే అరగంటకోసారి నడిచేలా ఒక టాస్క్ పెట్టుకుంది. నడిచినప్పుడల్లా చివరగా స్కాన్ చేసిన పేజీని, చివరగా సేవ్ చేసిన ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలుగా దించుతోంది. ఆ చివరి ఫోల్డర్ మా "పనులు" అన్నమాట. సిస్టమ్ తెరిచాక ఇంకా ఏమీ స్కాన్ చేయకపోతే సున్నా సైజు ఫైలు. అదండీ కథ.

టాస్క్‌ని డిసేబుల్ చేశాను, స్కాన్ మామూలుగానే అవుతోంది. ఫైలు మళ్లీ రాలేదు. స్కాన్‌లకి కౌంటర్ సిస్టమ్‌లోనే వేరే ఫోల్డర్ పెట్టి, దాన్ని ఎవరికీ షేర్ చేయకుండా ఉంచాం, షాపు మూసేటప్పుడు ఖాళీ చేయమని బావమరిదికి చెప్పాను. రాకెట్ గారూ, నా సిస్టమ్ ఫార్మాట్ కొట్టి ఉంటే కూడా ఆ ఫైలు బంగారంలా తిరిగొచ్చేది.

రాజాం_రాకెట్

సరే సరే. ఫ్లెక్సీ రేటు ఎంతో చెప్పు, మా కుర్రాళ్లకి ఒకటి కావాలి.

పలాస_లినక్స్

ఆలస్యంగా చూశాను. ఇక్కడ లినక్స్ వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం కొంచెం. లినక్స్‌లో ఇదే సమస్య వస్తే చాలామంది ఫోల్డర్‌ని కనిపెట్టుకుని ఉండే ఐనోటిఫైవెయిట్ అనే టూల్ పెట్టుకుని కూర్చుంటారు. అది ఫైలు పుట్టిందని చెప్తుంది గానీ ఎవరు పుట్టించారో చచ్చినా చెప్పదు, ఐనోటిఫై తయారైన పద్ధతే అంత. ఏ ఫైలు ఎవరు తెరిచారో చూపించే ఎల్ఎస్ఓఎఫ్ కూడా ఫైలు తెరిచి ఉన్నంతసేపే పనికొస్తుంది, రాసి మూసేసి వెళ్లిపోయే ప్రోగ్రామ్‌ని పట్టలేదు. ఎఫ్ఎట్రేస్ వాడండి, అది ఫానోటిఫై అనే లినక్స్‌లోని ఇంకో పద్ధతి మీద నడుస్తుంది కాబట్టి ప్రాసెస్ పేరు, నంబర్ పక్కనే ఇస్తుంది. రాత్రంతా కాపు కాయాలంటే ఆడిట్‌డీ అనే నిఘా సర్వీసులో ఆ ఫోల్డర్ మీద రాతకీ మార్పుకీ ఒక వాచ్ పెట్టి, దానికో గుర్తు పేరు ఇచ్చి, పొద్దున్నే ఏయూసెర్చ్‌తో ఆ గుర్తు వెతికితే ఏ ప్రోగ్రామ్, ఏ యూజర్, ఎన్నింటికి, అన్నీ ఉంటాయి. మా జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకం లెక్కల సర్వర్‌కి ఇలాగే పెట్టాను, డిస్కు నింపేస్తున్నది ఎవరూ ఊహించని ఒక పాత బ్యాకప్ స్క్రిప్టు.

విండోస్‌లో కూడా రాత్రిళ్లు జరిగేవాటికి ప్రాసెస్ మానిటర్ కంటే సిస్‌మాన్ మేలు. అదీ సిస్‌ఇంటర్నల్స్‌దే, సర్వీసులా నడుస్తూ ఉంటుంది, కాన్ఫిగ్‌లో ఆ ఫోల్డర్ పెడితే ఫైలు పుట్టినప్పుడల్లా ఈవెంట్ 11 రాస్తుంది, సిస్టమ్ రీస్టార్ట్ అయినా ఆగదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మనకి ఇదే నయం.

చీపురుపల్లి_స్టూడెంట్

సార్ నాకో డౌట్. ఇవన్నీ ఇకముందు పుట్టబోయే ఫైలుకి కదా. మొన్నెప్పుడో పుట్టేసి, మళ్లీ పుట్టని ఫైలు సంగతేంటి? నా లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద అలాంటిది ఒకటుంది, డీబగ్ అని పేరు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే రెండు లైన్లే ఉన్నాయి. టూల్స్ లేకుండా ఇంకేదైనా చిట్కా ఉందా?

సిక్కోలు_సర్వీస్

గడిచిపోయినదానికి గట్టి సాక్ష్యం దొరకదు తమ్ముడూ. ఎన్‌టీఎఫ్ఎస్‌లో (విండోస్ డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి) మార్పుల జర్నల్ ఉంటుంది, అందులో ఫైలు పుట్టిన సంగతి రాసి ఉంటుంది గానీ ప్రోగ్రామ్ పేరు ఉండదు. కాకపోతే విండోస్ ఫోల్డర్ లోపల ప్రీఫెచ్ అని ఇంకో ఫోల్డర్ ఉంది. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడిచిందో అక్కడ గుర్తులుంటాయి. ఆ ఫోల్డర్‌ని డేట్ మాడిఫైడ్ వరసలో పెట్టి, నీ ఫైలు పుట్టిన నిమిషానికి అటూ ఇటూ ఏవి ఉన్నాయో చూడు. అనుమానితుల జాబితా వస్తుంది, అంతకుమించి ఆశించకు. ఆ ప్రోగ్రామ్ తర్వాత మళ్లీ నడిచి ఉంటే ఆ డేటు కూడా మారిపోయి ఉంటుంది.

నీది డీబగ్ లాగ్ అయితే పెద్దగా భయపడక్కర్లేదు, లోపల క్రోమియం ఇంజిన్ (క్రోమ్ బ్రౌజర్‌లో ఉండేదే) పెట్టుకున్న ప్రోగ్రాములు కొన్ని ఆ పేరుతోనే లాగ్ రాస్తుంటాయి. ఆ రెండు లైన్లు ఇక్కడ పెట్టు, అందులో ఎర్రర్ పక్కన ఏముందో చూద్దాం.

టూల్స్ లేని చిట్కా అన్నావు కాబట్టి, ఒకటి ఉంది. ఫైలు డిలీట్ చేసి, అచ్చంగా అదే పేరుతో, ఎక్స్‌టెన్షన్‌తో సహా, ఒక ఫోల్డర్ చెయ్యి. ఒక చోట ఒకే పేరుతో ఫోల్డరూ ఫైలూ రెండూ ఉండలేవు కాబట్టి ఆ ప్రోగ్రామ్ వచ్చి రాయబోతే కుదరదు. చాలా ప్రోగ్రాములు అప్పుడు ఎర్రర్ పెట్టె పైకి లేపుతాయి, పెట్టె మీద వాటి పేరే ఉంటుంది. కొన్ని నోరు మూసుకుని ఊరుకుంటాయి, కొన్ని వేరే పేరుతో రాసుకుంటాయి. లెక్కల ప్రోగ్రాములూ బిల్లింగ్ ప్రోగ్రాములూ వాడే ఫోల్డర్లలో మాత్రం ఈ పని చేయకు, రాత మధ్యలో ఆగితే డేటా పోతుంది.

చీపురుపల్లి_స్టూడెంట్

ఫోల్డర్ పెట్టేశాను సార్. ఆ రెండు లైన్లు రాత్రికి పెడతాను, ఇప్పుడు ల్యాబ్ ఉంది.